అయిదు కర్టెన్ల మడత

కర్టెన్లు కుట్టడం అత్తగారికి కొట్టిన పిండి. ఇరవై రెండేళ్ల అనుభవం మరి. ఇప్పుడు ఆవిడ పనిచేసే కుట్టు షెడ్డులో కటింగ్ సూపర్‌వైజర్ కుర్చీ ఖాళీ అయింది. దానికో రాతపరీక్ష, అందులో లెక్కలు. కిందటిసారి ఆ లెక్కలే ఆవిణ్ణి ముంచాయి. ఈసారీ తప్పితే వయసు దాటిపోతుంది, ఇక రాయనివ్వరు.

ఇంట్లో లెక్కలు వచ్చింది కోడలికే. ఆ పిల్ల కూడా మూడేళ్లుగా అదే షెడ్డులో కర్టెన్లకి రింగులు బిగిస్తోంది. కోడలి దగ్గర పాఠమా అని వారం రోజులు మూతి ముడుచుకుని, చివరికి నోటుబుక్కు పట్టుకుని ఆవిడే వచ్చి కూర్చున్నారు.

కోడలు 5(x + 6) = 330 అని రాసింది. అత్తగారు చకచకా బ్రాకెట్ తీసేసి 5x + 6 = 330 అని రాసి, దర్జాగా పెన్ను కింద పెట్టారు. అక్కడే పప్పులో కాలేశారు. కిందటిసారి తప్పిందీ ఇక్కడే.

"అత్తయ్యా, అయిదు కర్టెన్లకి గుడ్డ మూడొందల ముప్పై అంగుళాలు. ఒక్కోదానికీ మడతకి ఆరంగుళాలు వదలాలి. మరి మీరు మడత ఒక్కదానికే వదుల్తారా?"

"నాకేం మతిపోయిందా? అయిదింటికీ వదుల్తాను. ముప్పై అంగుళాలు."

"మరి ఇక్కడ నాలుగింటికి ఎగ్గొట్టేశారే."

అత్తగారు కాగితం వంక చూసి నవ్వాపుకోలేకపోయారు. కొట్టేసి 5x + 30 = 330 అని రాశారు. ముప్పై తీసేస్తే మూడొందలు, అయిదు భాగాలు చేస్తే ఒక్కోటి అరవై.

పరీక్షలో 4(x − 3) = 52 వచ్చింది. తీసివేత చూసి ఆవిడ పెన్ను ఆపారు. ఇది మడత కాదు, కత్తిరింపు అనుకున్నారు. నాలుగింటికీ మూడేసి కత్తిరిస్తే పన్నెండు. 4x − 12 = 52. x పదహారు. కుట్టాక టేపు పెట్టి చూడనిదే ఏదీ పంపే మనిషి కాదు కదా, పదహారులో మూడు తీసి నాలుగుతో హెచ్చవేసి కూడా చూసుకున్నారు. యాభై రెండు, సరిగ్గా వచ్చింది.

ఫలితాలు షెడ్డులోనే చదివారు. అత్తగారే ఫస్టు.

"ఏ ట్యూషన్‌కి వెళ్లారమ్మా?" అన్నాడు మేనేజరు.

పొగిడితే నెత్తికెక్కుతుందని, మూడేళ్లలో కోడలి చేతి కూర బాగుందని కూడా అనని మనిషి ఆవిడ. అలాంటిది మిషన్లన్నీ ఆపించారు.

"ట్యూషనేంటండీ, నాకు లెక్కలు చెప్పింది మా కోడలు," అని ఆఖరి వరసకి తిరిగారు. "లేచి నిలబడవే. అందరూ నిన్ను చూడనీ."