కాస్త పక్కకి జరుగు

సర్వేయరుకి ఫోటోల పిచ్చి. ఆయన భార్యకి బొమ్మల పిచ్చి. సెలవు దొరికిందంటే చాలు, ఆయన మెడలో కెమెరా, ఆవిడ చంకలో రంగులపెట్టె, ఏదో ఒక ఊరికి ప్రయాణం. అక్కడికి చేరాక ఎవరి పిచ్చి వారిది. సాయంత్రం బసలో కూర్చుని, నీది గొప్పా నాది గొప్పా అని పోట్లాడుకునేవారు.

"నీ కొండ ఒక పక్కకి వాలిపోయింది" అనేవాడు ఆయన.

"మీ కొండలో జీవం లేదు" అనేది ఆవిడ.

ఆయన ఉద్యోగం భూములు కొలవడం. మూడుకాళ్ళ స్టాండు మీద దుర్భిణి పెట్టి, అవతల నిలబెట్టిన కర్రని చూడాలి. మధ్యలోకి మనిషి వచ్చాడో, పని చెడిందన్నమాటే. ఏళ్ళ తరబడి "పక్కకి జరగండి" అని అరిచి అరిచి, ఆ మాట ఆయనకి ఊపిరితో సమానమైపోయింది. కెమెరా పట్టుకున్నా అదే వరస. జలపాతం ముందు కొత్తజంట నిలబడితే జరగమనేవాడు. వంతెన మీద ముసలాయన మెల్లగా నడుస్తుంటే, ఆయన దాటేదాకా పళ్ళు నూరుతూ నిలబడేవాడు. ఒకసారి సముద్రపు ఒడ్డున కుక్కని కూడా అదిలించాడు. అది జరగలేదు సరికదా, వెంటపడింది.

ఆవిడది తపాలా ఆఫీసులో కౌంటరు ఉద్యోగం. రిటైర్మెంటు దగ్గరపడింది. వీడ్కోలు సభకి కొన్నాళ్ళ ముందు పోస్టుమాస్టరు సర్వేయరుని పక్కకి పిలిచాడు.

"మేడంగారికి తెలియకుండా మీ ప్రయాణాల ఫోటోలు ఓ పాతిక ఇవ్వండి సార్. ఆవిడ కనపడేవి. తెర మీద వేసి చూపిద్దాం."

"పాతికేం ఖర్మ, రెండొందలిస్తాను. నా దగ్గర వేలల్లో ఉన్నాయి" అన్నాడు సర్వేయరు. నోటి తీట అంటే ఇదే.

సభ రేపనగా, ఆవిడ ఆఫీసుకి వెళ్ళాక, ఆయన తీరిగ్గా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కొండలున్నాయి, నదులున్నాయి, కోటలున్నాయి. మనిషన్నవాడు లేడు. కళ్ళల్లో వత్తులేసుకుని వెతికితే, ఒక కోట మెట్ల మీద భార్య మోచెయ్యి దొరికింది. ఒక ఇసుకదిబ్బ మీద గొడుగు నీడ దొరికింది. గొడుగు ఆవిడదే. సరస్సు ఒడ్డున మాత్రం ఆవిడ నిజంగానే నిలబడింది. కానీ అంచున మనిషి పడి ఫోటో పాడైందని తర్వాత ఆ పక్కంతా తనే కోసేశాడు.

ఆయన గుండెల్లో రాయి పడింది. పోస్టుమాస్టరు దగ్గర పరువు పోతుందన్న భయం ఒకటి. అది పోతే పోయిందిలే అనుకోవచ్చు. ఇన్నేళ్ళు వెంట తిప్పుకున్న మొగుడు తనని ఒక్క ఫోటో కూడా తీయలేదన్న సంగతి ఆవిడకి నలుగురిలో తెలియడం, అదీ ఆవిడ వీడ్కోలు రోజున తెలియడం, ఆ ఊహనే ఆయన తట్టుకోలేకపోయాడు.

ఫోటో స్టూడియో నడిపే బావమరిదికి ఫోన్ చేశాడు.

"అదెంత పని బావా. అక్క మొహం ఒకటి పంపు. మసిపూసి మారేడుకాయ చేసిపెడతాను."

పెళ్ళి ఫోటో తప్పిస్తే ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మొహం పాత ఆఫీసు గుర్తింపుకార్డు మీదిది. అదే పంపాడు. గంట తిరక్కుండా ఫోటోలు వచ్చాయి. మంచుకొండ మీదా, జలపాతం పక్కనా, ఎక్కడ చూసినా ఆవిడ ఒకే చూపు చూస్తోంది. ఎవరో స్టాంపు అంటించని కవరు తెచ్చి వాదిస్తున్నట్టుంది ఆ చూపు. ఇవి తెర మీద వేస్తే సభ మాట దేవుడెరుగు, సంసారం మిగలదు.

దిక్కుతోచక, మంచం కింద ఉన్న ఆవిడ బొమ్మల కట్ట బయటికి లాగాడు. ఇన్నాళ్ళూ వాటిలో వంకరలే చూశాడు తప్ప బొమ్మని చూడలేదు. మొదటి బొమ్మలో కొండకి అడ్డంగా ఒక చిన్న మనిషి, వీపు చూపిస్తూ వంగి ఉన్నాడు. "మధ్యలో వీడెవడు?" అని అలవాటు కొద్దీ విసుక్కున్నాడు. తర్వాత తన చొక్కా గుర్తుపట్టాడు.

అన్నిటిలోనూ ఉన్నాడు. వంతెన దగ్గర బట్టతల మెరుస్తోంది. కోట ముందు చొక్కా వెనక సగం బయటికొచ్చింది. సముద్రం బొమ్మలో కుక్క ముందూ, ఆయన దాని కంటే ముందూ పరిగెడుతున్నారు.

మర్నాడు తెర మీదికి ఆ బొమ్మలే ఎక్కాయి. కుక్క వచ్చేసరికి జనం నవ్వి నవ్వి కుర్చీల్లోంచి జారిపోయారు. నవ్వులు సద్దుమణిగాక పోస్టుమాస్టరు అమాయకంగా అడిగాడు.

"బాగున్నాయి సార్. మరి మేడంగారు ఏరి?"

సర్వేయరు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఆవిడ కూర్చున్నచోటు నుంచే జవాబు చెప్పింది.

"ఆయన వెనకాలే ఉన్నాను. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి కదండీ."

చప్పట్లు మోగాయి. గండం గడిచింది. కానీ జనం వెళ్ళిపోయి, ఖాళీ కుర్చీల మధ్య ఇద్దరే మిగిలాక ఆవిడ అడిగింది.

"ఒక్క ఫోటో కూడా లేదా?"

"మోచెయ్యి ఉంది."

ఆవిడ నవ్వింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"నాకు బాధ లేదనుకోకండి. ఉంది. సరస్సు దగ్గర మంచి బట్టలు వేసుకుని, తల దువ్వుకుని మరీ నిలబడ్డాను. జరగమన్నారు. జరిగాను."

ఆయన తల వంచుకుని అడిగాడు.

"మరి నన్నెందుకు అన్నిట్లో వేశావు? నేనూ అడ్డమేగా."

"అంతంతసేపు కదలకుండా నిలబడే మనిషి ఊరికే దొరుకుతాడా?" అని, రంగు అంటిన గోళ్ళ వంక చూసుకుంటూ నెమ్మదిగా అంది. "అయినా, ఆ కొండలేమైనా మనతో ఇంటికొస్తాయా?"

ఆయన కెమెరా తీశాడు. దగ్గరికి వెళ్ళాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ దగ్గరికి వెళ్ళాడు. మనిషి మొహం ఎంత దూరం నుంచి తీయాలో ఆయనకి తెలియలేదు.

"నవ్వమంటారా?" అంది ఆవిడ.

"ఏమోనే. నాక్కూడా ఇదే మొదటిసారి" అన్నాడు.