సోమవారంలోపు

సోమవారం గుంటూరు బ్రాడీపేట వెళ్ళి లాయరమ్మకు ఏదో ఒక మాట చెప్పాలి. విడాకులకు కేసు వేయమనో, వద్దనో. రెండు రోజులుగా రెబ్కాకు అన్నం సయించడం లేదు. లాయరమ్మ నిదానస్తురాలు. "తొందరేం లేదమ్మా. వేశాక వెనక్కి తగ్గితే నువ్వే పలుచనవుతావు. గట్టిగా అనుకున్నాకే రా" అంది. గట్టిగా అనుకోవడమే కదా చేతకానిది!

జయపాల్ తాగడు, కొట్టడు. ఈ రెండూ లేని మొగుణ్ణి వదిలేస్తానంటే ఊళ్ళో ఎవరికి మింగుడుపడుతుంది? అతనికున్నదల్లా అనుమానం. రెబ్కా పాఠం చెప్పడానికి బడికి వెళ్తే ఆటోలో పక్కన ఎవరు కూర్చున్నారు, చర్చిలో పాట పాడితే ఎవరి వంక చూసి పాడింది, పదేళ్ళుగా ఇదే విచారణ. ఊళ్ళోకి అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు వస్తున్నాయి. ఆమెకు కొనివ్వలేదు, కొనివ్వడు కూడా. పోనీ అరుస్తాడా అంటే అదీ లేదు. మెల్లగా, మర్యాదగా అడుగుతాడు. మనిషిని చంపేది అదే.

పాస్టరుగారు ప్రార్థన చేసుకోమన్నారు. తల్లి మాత్రం "పిల్లదాని మొహం చూడవే. తండ్రి లేకుండా పెంచుతావా?" అంది. ఆ మాటే రెబ్కాను కట్టిపడేసింది. క్రిస్టీనాకు ఎనిమిదేళ్ళు. తండ్రంటే ప్రాణం.

ఆదివారం ముగ్గురూ చర్చి నుంచి వస్తుండగా పడమట మబ్బు కమ్మింది. కల్లంలో మిర్చి ఆరబోసి ఉంది. ఒక్క జల్లు పడితే చాలు, రంగు పోయి కాయ ఎందుకూ పనికిరాదు. పరుగెత్తారు. జయపాల్ ఇటునుంచి, రెబ్కా అటునుంచి కాయను కుప్పకు నూకారు. ఒకరికొకరు చెప్పుకోవలసిన పనే లేదు. అతను టార్పాలిన్ పట్టా విప్పి గాలికి ఎదురు నిలబడితే ఆమె వెనక అంచు తొక్కిపట్టింది. అయినా గాలి ఎగరేసుకుపోతుంటే పక్క కల్లం బుల్లయ్య, డెబ్బై ఏళ్ళ ముసలాయన, "ఒరేయ్ జయపాలూ, వదలమాకరా!" అని అరుస్తూ వచ్చి రెబ్కా పక్కన అంచు పట్టుకున్నాడు. చుట్టూ రాళ్ళు పెట్టేశారు. వాన దంచికొట్టింది గానీ కాయ తడవలేదు.

నలుగురూ కాపలా పాకలోకి దూరారు. జయపాల్ తన తువ్వాలుతో రెబ్కా తల తుడిచాడు. మిరప ఘాటుకు అందరూ తుమ్ముతూ నవ్వారు. రెబ్కాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ మనిషినా వదులుకునేది? రేపు వెళ్ళకపోతే సరి అనుకుంది. గుండె మీద బరువు కాస్త దిగింది.

వాన వెలిసింది. బుల్లయ్య వెళ్ళిపోయాడు. జయపాల్ ఆయన వెళ్ళిన వైపే కాసేపు చూసి కూతురి పక్కన కూర్చున్నాడు. ఇంకా నోరు తెరవనేలేదు.

క్రిస్టీనా లేచి నిలబడి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "నాన్నా, బుల్లయ్య తాత అమ్మ చెయ్యి పట్టుకోలా. పట్టా పట్టుకున్నాడంతే. అమ్మ ఆయన వంక చూడలా. నేను చూస్తానే ఉన్నా."

"మా అమ్మే" అని జయపాల్ పిల్ల తల నిమిరాడు. "మరి మొన్న ఆటోలో?"

రెబ్కా పిల్ల వంక చూసింది. తండ్రి కావాలని తను నిలబెట్టిన కొంపలో పిల్లకు దొరికిన ఉద్యోగం ఇదన్నమాట! చెయ్యి పట్టుకుని క్రిస్టీనాను తన వైపుకు లాక్కుంది.

"రేపు నువ్వు బడికెళ్ళొద్దు. నాతో గుంటూరొస్తున్నావ్."

"గుంటూరా? ఎవరి దగ్గరికి రెబ్కా?" అన్నాడు జయపాల్ మర్యాదగా.

"లాయరు దగ్గరికి. విడాకులకు."

ఈ మాటకు తనేం చెప్పాలో తెలియక క్రిస్టీనా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.