పొడి గచ్చు మీద రంపపు పొట్టు

చుక్క... చుక్క... ఎండ రంగు నూనె, మిషన్ మూతిలోంచి డబ్బాలోకి.

పొద్దుతిరుగుడు నూనె మిల్లు అది. అమ్మ డబ్బాలకు మూతలు బిగించేది. కూతురు డబ్బాలు మోసేది. ఎంత తోముకున్నా ఇద్దరి ఒంటి మీదా అదే వాసన.

మిల్లులో జారనిదెవరు? అందరూ జారతారు.

అందుకే కూతురు పడితే ఎవరికీ ఏమీ అనిపించలేదు.

"కాళ్లు తుడుచుకుని నడవ్వే," అంది అమ్మ. జారకుండా నేలంతా రంపపు పొట్టు చల్లింది.

మళ్లీ పడింది. మళ్లీ చల్లింది.

ఆఖరికి ఇంట్లో కూడా చల్లింది — నూనె మరకైనా లేని పొడి గచ్చు మీద.

పొడి గచ్చు మీద జారడమేమిటని ఒక్కరైనా అడిగి చచ్చారా? అడగలేదు. నూనెలో బతికేవాళ్లకి ఎవరు పడినా అది నూనె పాపమే.

పిల్ల చేతులు వణికాయి. మాట ముద్దయింది. కళ్లు మూస్తే చాలు, నిలువునా తూలేది.

మిల్లు మేస్త్రీ పళ్లికిలించాడు. "ఏమ్మా, మీ పిల్ల మన నూనె కాక ఇంకేదైనా పుచ్చుకుంటోందా?"

"నీ నోట్లో పోస్తా ఉండు, ఆ ఇంకేదో," అంది అమ్మ. చేతిలో మూత వంకరపోయింది.

ఒక డాక్టరు నీరసమన్నాడు. ఇంకో డాక్టరు పిల్ల మొహమైనా చూడకుండా బలం మందు రాశాడు. మూడో డాక్టరమ్మ రక్తం తీయించింది. కూర్చోబెట్టి చెప్పింది.

విటమిన్ ఇ అట. ఈ నూనెలోనే దండిగా ఉంటుందట. అది అందకపోతే నరాలూ మెదడూ చితికిపోతాయట. తిన్నది కాలేయం దాకా వస్తుంది. అక్కడినుంచి దాన్ని ఎత్తి రక్తంలోకి అందించే ప్రొటీన్ ఒకటుండాలి. ఈ పిల్లకి పుట్టుకతోనే అది పనిచేయదు.

"అంటే... గోడౌన్ నిండా సరుకు. మోసే మనిషి లేడు. అంతేనా డాక్టరమ్మా?"

"అంతేనమ్మా. పెద్ద మోతాదులో క్యాప్సూల్స్ వేస్తే కొంతైనా చేరుతుంది. అన్నంతో పాటు, బతికినన్నాళ్లూ. ఇక ముదరకుండా ఆగొచ్చు. పోయినదాంట్లో ఎంత తిరిగొస్తుందో చెప్పలేను."

"ముందే వచ్చుంటే?"

డాక్టరమ్మ మందుల చీటీ చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి అమ్మ చీపురందుకుంది. ఊడ్చింది. మంచం కింద, గడప పక్కన, పొయ్యి దగ్గర... ఎంత పొట్టు. ఎన్నేళ్ల పొట్టు.

మేస్త్రీని ఊడ్చింది. ఆ ఇద్దరు డాక్టర్లనీ ఊడ్చింది. ఒళ్లంతా పూసుకుని తిరిగినా మెదడుకి చుక్క చేరని ఆ మాయదారి నూనెని ఊడ్చింది. చల్లిన చేతులే మిగిలాయి — వాటినేం చేయాలో తెలియలేదు.

"కొంచెం ఉంచవే అమ్మా," అంది కూతురు, గోడ పట్టుకుని. "కాలికి అలవాటైపోయింది."

"నోర్ముయ్. ముందు అన్నం తిని మందేసుకో."

"నోరు మూసుకుని ఎలా వేసుకోనే?"

అమ్మకి నవ్వు రాలేదు. వచ్చినా నవ్వేది కాదు.

కూతురు తింది. వణికే వేళ్లతో క్యాప్సూల్ ఎత్తింది. ఎండ రంగు. లోపల ఒక్క చుక్క నూనె.

మింగింది. గోడ వదిలింది.

గచ్చు మీద పొట్టు లేదు. అమ్మ పిడికిట్లో మాత్రం కొంచెం మిగిలింది — చల్లలేదు, పారేయలేదు.

కూతురు కాలెత్తింది...

"చేరి చావవే," అంది అమ్మ పళ్ల బిగువున, ఆ చుక్కతో.

చుక్క... చుక్క...