మూడో వరుసలో దగ్గు

మొదట వినిపించింది దగ్గు. పొడిగా రెండుసార్లు, కాస్త ఆగి మరొకసారి. నల్లతెర వెనుక నిలుచున్న దర్శకుడు ఫరామర్జ్ మనిషిని చూడకుండానే పోల్చుకున్నాడు. ఆమె వచ్చింది.

"ఏంటి ఉస్తాద్, అలా పాలిపోయారు? కుర్చీ వేషం మీరేమైనా వేస్తున్నారా?" అంది నటి తర్లాన్, తల మీది గుడ్డ సర్దుకుంటూ.

అతను నవ్వలేకపోయాడు.

ఆ దగ్గినావిడ ఒకప్పుడు బాలికల బడిలో తత్త్వశాస్త్రం చెప్పిన పంతులమ్మ. ఈ నాటకం ఆమె రాసినది. ఒక ఖాళీ కుర్చీని ఇద్దరు మనుషులు గంటసేపు విచారిస్తారు, అంతే. నాలుగు నెలల కిందట ఆమె ఇంట్లో, చాయ్ చల్లారుతున్నా పట్టించుకోక చదివి, "ఇది నేను రాసుంటే ఎంత బాగుండేది" అన్నాడతను. "మీదే అనుకోండి నాయనా, మీకంటే ఎక్కువా" అందామె.

టెహ్రాన్‌లో ఆ మాట ఎవరైనా అంటారు. శాలువ బాగుందంటే శాలువ మీదేనంటారు. దిగబోతుంటే టాక్సీవాడు సైతం డబ్బెందుకంటాడు. అనడం వారి మర్యాద, ముమ్మారు వద్దనడం మన మర్యాద. నమ్మి దిగిపోయేవాణ్ణి చూసి పసివాడైనా నవ్వుతాడు. ఫరామర్జ్ ఒక్కమారైనా వద్దనలేదు. కాగితాలు చంకన పెట్టుకొని మెట్లు దిగాడు. గోడపత్రిక మీద రచనకూ దర్శకత్వానికీ ఒకే పేరు పడింది. సిగ్గు ఆనాడు రాలేదు. తర్వాత వచ్చింది, వచ్చినది పోలేదు.

మధ్యాహ్నపు ఆట ముగిసింది. దీపాలు వెలిగాయి. ఎవరూ కదలలేదు, ఆట తర్వాత ప్రశ్నలడగడం ఆ చిన్న నాటకశాల అలవాటు. ఫరామర్జ్ వేదిక మీదికి రాగానే ఒక గడ్డం విద్యార్థి లేచాడు.

"ఉస్తాద్, 'నన్ను ఖాళీగా ఉంచింది లేనివాడు కాదు, కూర్చోడానికి సిగ్గుపడ్డవాడు' అంటుంది కదా కుర్చీ. ఆ ముక్క మీకెలా తట్టింది?"

ఫరామర్జ్ నోరు తెరిచాడు. చూపు మూడో వరుసలో కూర్చున్న పంతులమ్మ మీద వాలింది. అతని తడబాటు చూసి ఆమే ఆదుకుంది.

"అంత చదివినవాళ్లకి తట్టక నాబోటిదానికి తడుతుందా బాబూ? అలిసిపోయాడు, వదిలెయ్."

అందరూ నవ్వారు. ఆమె తిట్టి ఉంటే తట్టుకొనేవాడు. ఇచ్చినదానినే మళ్లీ ఇస్తున్నది, అదే మర్యాదతో, అందరి ఎదుట. చెవులు మండాయి. ఇప్పుడూ ఊరకుంటే ఇక ఎన్నటికీ నోరు పెగలదని తెలిసింది.

"వద్దు," అన్నాడు.

"ఏది వద్దు ఉస్తాద్?" పక్కనుంచి తర్లాన్ మెల్లగా అడిగింది.

"ఈవిడిచ్చింది. ఆ రోజే వద్దనాల్సింది, అనలేదు. నాటకం నేను రాయలేదు."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె తల వంచుకొని చేతిసంచీ కొక్కెం తీస్తూ వేస్తూ ఉంది.

"మరెవరు రాశారండీ?" అన్నాడు విద్యార్థి.

నాలుగు నెలలుగా ఎవరి ముందూ పలకక తప్పించుకుంటూ వచ్చిన ఆమె పేరు. చివరికి, వెనుక వరుసకూ వినబడేలా పలికాడు:

"మహ్లఖా సరాబీ."