వరండా మూల

మోక్ వాన్‌సియు తన తమ్ముడి ఇంటికి మకాం మార్చిన రోజు ఆమెకంటే ముందు ఆమె చేపల తొట్టి మెట్లెక్కి వచ్చింది. లిఫ్టు లేని ఆ పాత భవనంలో ఐదో అంతస్తు దాకా నలుగురు కూలీలు దాన్ని మోసుకొచ్చారు. మలుపు మలుపుకీ ఒకరినొకరు తిట్టుకుంటూ వచ్చి, హాలు నట్టనడుమ దించి, చెమట తుడుచుకుని వెళ్ళిపోయారు. ఐదడుగుల పొడవు, బొటనవేలంత మందం గాజు. దాని వెనక నుంచి ఆడపడుచు ముఖం వంకరగా సాగి తమ్ముడి భార్య పుయ్‌హాకి కనిపించింది.

"ఏం మరదలా, గుమ్మంలోనే కాపురం పెట్టమంటావా? దారివ్వు."

"దారెక్కడుంది వదినా? ఉన్న కాస్తా మీ తొట్టే మింగేసిందిగా."

వాన్‌సియు ఇరవై రెండేళ్ళు తో క్వా వాన్ అనే పేటలో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే షాపు నడిపింది. పెద్ద పెద్ద మేడలు కట్టడానికని ఆ వీధి వీధంతా పడగొట్టేస్తున్నారు. షాపూ పోయింది, షాపు మీద ఆమె పడుకునే అటక గదీ పోయింది. తమ్ముడు టింగ్‌సాంగ్ కాపురముంటున్న ఇల్లు తండ్రి ఇద్దరి పేరా రాసిపోయినది. అందుకని ఆమె వస్తానని అడగలేదు, వస్తున్నానని చెప్పింది. వెంట తెచ్చుకున్నది ఒక పెట్టె, ఒక మడత సోఫా, మోచేతి పొడవున్న ఎర్ర బంగారు రంగు డ్రాగన్ చేప. ఆ చేప వచ్చిన తర్వాతే తన షాపు నిలదొక్కుకుందని ఆమె నమ్మకం. దాన్ని చూడడానికే వచ్చి జుట్టు కత్తిరించుకుని పోయినవాళ్ళున్నారట.

తొమ్మిది రోజులు తొట్టి హాలు మధ్యలో ఖాళీగా నిలబడింది. చేప స్నానాల గదిలో ప్లాస్టిక్ తొట్టెలో ఉంది. ఎగిరి బయట పడకుండా దాని మీద చెక్క, చెక్క మీద ఇటుక. మినీబస్సు నడిపి అలిసి వచ్చే టింగ్‌సాంగ్ ఒంటికాలి మీద నిలబడి స్నానం చేసేవాడు. మడత బల్ల వేసే చోటు లేక ముగ్గురూ గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని తినేవారు.

తొట్టి ఎక్కడ పెట్టాలన్నదే గొడవ. తలుపు పక్కన పెడితే తలుపు సగమే తెరుచుకుంటుంది. వంటగది ఎదురుగా పెడితే నీటికీ నిప్పుకీ పడదని వాన్‌సియు అంది. దేవుళ్ళ అర కింద పెడదామంటే, దేవుళ్ళు నీళ్ళలో పడతారని మళ్ళీ ఆమే అంది. మిగిలింది కిటికీ మూల. అది ఒకప్పటి వరండా. ఎవరో ఎప్పుడో గోడ కట్టి, అద్దాలు బిగించి హాల్లో కలిపేశారు. పదహారేళ్ళుగా అక్కడ పుయ్‌హా కుట్టు మిషను ఉంది. ఆ చుట్టుపక్కల ఎవరి ప్యాంటు పొట్టి చేయాలన్నా, ఎవరి గౌను వదులు చేయాలన్నా ఆ మూలకే రావాలి. ఇంట్లో పగటి వెలుతురు పడేది అక్కడొక్కచోటే.

"మిషనుకి చక్రాలున్నాయి. చేపకి లేవు," అంది వాన్‌సియు.

"చేపకి లేకపోతే మీకున్నాయిగా నోటికి. ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది."

"ఇద్దరూ కలిసి ఏదంటే అదే," అన్నాడు టింగ్‌సాంగ్, గంజిలోంచి తల ఎత్తకుండా.

"ఇద్దరం కలిస్తే నిన్నడుగుతామా?" అంది అక్క.

పదో రోజు వాన్‌సియు ఫెంగ్‌షుయ్, అంటే చీనా వాస్తు, చూసే సీతో గారిని పిలిపించింది. ఆయన బూట్లు విప్పి, దిక్సూచి పళ్ళెం రెండు చేతులా పట్టుకుని ఇల్లంతా మూడు సార్లు తిరిగాడు. ఇల్లంతా అంటే పద్దెనిమిది అడుగులు. నడిమి గోడ దగ్గర, వాన్‌సియు సోఫా వేసుకున్న చోట, ఆగి తల అడ్డంగా ఆడించాడు. కిటికీ మూలలో ఆగి నిలువుగా ఆడించాడు.

"ఇక్కడే. ఆగ్నేయం. నీళ్ళు కదులుతుంటే ఇంట్లో కళ వస్తుంది."

"అక్కడ నేను కూర్చుంటున్నాను," అంది పుయ్‌హా. "నేనెక్కడ కూర్చోవాలో కూడా మీ పళ్ళెంలో చూసి చెప్పండి."

"అమ్మా, ఇది దిక్కులు చెబుతుంది. మనుషులు ఎక్కడ కూర్చోవాలో మనుషులే చెప్పుకోవాలి."

వాన్‌సియు నవ్వింది. "విన్నావా మరదలా? నీ ఏడుపుకి దిక్కు లేదట."

ఆ మాట పుయ్‌హాకి సూటిగా గుచ్చుకుంది. ఆమెకి ఒక సంగతి తెలుసు. పోయిన వానాకాలం కింది అంతస్తులో ఉండే ఫూ అవ్వ ఆమెను పిలిచి తన గది పైకప్పు చూపించింది. సరిగ్గా ఈ వరండా కింద జానెడున్నర పగులు, పెచ్చులూడి తుప్పు పట్టిన కమ్మి బయటపడి ఉంది. "ఎవరికీ చెప్పకే. తెలిస్తే అధికారులొచ్చి నన్ను ఖాళీ చేయిస్తారు. ఎనభై రెండేళ్ళ దాన్ని, ఎక్కడికి పోను?" అని అవ్వ బతిమాలింది. పుయ్‌హా ఒట్టు పెట్టుకుంది.

"సరే వదినా," అంది పుయ్‌హా. "అక్కడే పెట్టండి."

అంతసేపూ తల వంచుకు కూర్చున్న టింగ్‌సాంగ్ మొదటిసారి తల ఎత్తాడు. వాన్‌సియు కళ్ళు చిన్నవి చేసి మరదలి వైపు చూసింది.

"ఏంటీ, ఉన్నట్టుండి తేనె కారుతోంది నోట్లోంచి?"

"మీ ఇల్లు. మీ చేప. నాకెందుకు?"

ఆ సాయంత్రమే మిషనును తానే తోసుకుంటూ వంటగది పక్కకి, ట్యూబులైటు కిందికి మార్చుకుంది. ఆ మూల కుంగినప్పుడు, గచ్చు బిళ్ళలు పగిలినప్పుడు, సీతో గారి ముందు, మొగుడి ముందు వదిన ముఖం ఎలా మాడుతుందో ఆమె ఊహించుకుంది. ఆ ఊహలో కింది అంతస్తు లేదు. దాన్ని రానివ్వకుండా ఆమె జాగ్రత్త పడింది.

మర్నాడు టింగ్‌సాంగ్ సెలవు పెట్టాడు. పక్కింటి ఇద్దరి సాయంతో ఇనప స్టాండునీ, దాని మీద తొట్టినీ మూలకి చేర్చాడు. మధ్యాహ్నం తిండి కాగానే వాన్‌సియు వంటగది టాపుకి గొట్టం తగిలించి నీళ్ళు వదిలింది. ఐదువందల లీటర్లు నిండాలి. తొట్టి ముందు స్టూలేసుకుని, కొత్త పెళ్ళికూతురి అలంకారం చూస్తున్నట్టు చూస్తూ కూర్చుంది.

పుయ్‌హా వంటగదిలో కూర తరుగుతోంది. గొట్టంలో నీళ్ళు పోతున్న చప్పుడు ఆమె చెవి పక్కనే ఉంది. వేలెడు నిండి ఉంటుంది. జానెడు. ఈ వేళకి ఫూ అవ్వ గంజి తాగి, గిన్నె కడిగి, కునుకు తీయడానికి మంచమెక్కి ఉంటుంది. మంచం ఎక్కడుందో ఎంత వద్దనుకున్నా కళ్ళ ముందుకి వచ్చింది. దాని మీద పూల దుప్పటి, తలదగ్గర రేడియో. పగులు ఆ రేడియో మీదుగానే పోయింది.

హాల్లో గచ్చు టిక్కుమంది. చాలా చిన్న చప్పుడు. వాన్‌సియు వినలేదు. పుయ్‌హా చేతిలో కత్తి అలాగే ఉండగా టాపు కట్టేసింది.

"ఎవరాపారు?"

"నేనే." పుయ్‌హా హాల్లోకి వచ్చింది. "అక్కడ వద్దు. ఆ మూల బరువు ఆగదు. కింద అవ్వ గదిలో పైకప్పు పగిలి ఉంది."

"నీకెలా తెలుసు?"

"చూశాను."

"ఎప్పుడు?"

"పోయిన వానల్లో."

వాన్‌సియు స్టూలు మీంచి లేచింది. ఆమె గొంతు పెరగలేదు, అందుకే పుయ్‌హాకి భయమేసింది.

"అంటే నిన్న సీతో గారు చెప్పినప్పుడు నీకు తెలుసు. మిషను నువ్వే తోసుకెళ్ళినప్పుడు తెలుసు. ఇందాక నేను గొట్టం పెట్టినప్పుడూ తెలుసు."

"తెలుసు."

"ఆ ముసలమ్మ మంచం ఎక్కడుంటుంది?"

పుయ్‌హా తొట్టి కింది గచ్చు వైపు చూసింది.

"ఎక్కడుంటుందే?"

"దీని కిందే."

టింగ్‌సాంగ్ గోడకి ఆనుకుని పెళ్ళాం వైపు ఎవరో తెలియనిదాన్ని చూసినట్టు చూశాడు.

"నన్ను చంపాలనుంటే నా గంజిలో ఏదన్నా కలపాల్సింది," అంది వాన్‌సియు. "ఆ ముసల్ది నిన్నేం చేసింది?"

ఎవరికీ చెప్పొద్దని అవ్వ ఒట్టు వేయించుకుందని పుయ్‌హా అనబోయింది. ఆ మాట నోటిదాకా వచ్చేసరికే సిగ్గేసి మింగేసింది.

వాన్‌సియు గొట్టం ఒక కొస నోట్లో పెట్టి పీల్చి, నీళ్ళు బకెట్లలోకి తోడడం మొదలుపెట్టింది. పుయ్‌హా ఒక బకెట్ అందుకోబోతే ఆమె చేతిలోంచి లాగేసుకుంది. చివరి బకెట్ వంపేసి, తడి కాళ్ళతోనే కిందికి దిగి, ఫూ అవ్వని వెంటబెట్టుకు వచ్చింది.

అవ్వ కర్ర పోటేసుకుంటూ గుమ్మంలోనే మొదలెట్టింది. "ఏమ్మా దేవతలూ, నా నెత్తి మీద సముద్రం కడుతున్నారా? ఒకత్తికి చేప ముఖ్యం, ఒకత్తికి మూల ముఖ్యం. నేనేం మీ చేపకి వేసే రొయ్యనా?" తర్వాత పుయ్‌హా వైపు తిరిగి, "నువ్వు చూశావు కదే! నా మంచం మీద కూర్చుని, తలెత్తి చూశావు కదే!" అంది. ఆ మాట మాత్రం అరవకుండా అంది.

అవ్వ మొగుడు బతికున్న రోజుల్లో ఈ భవనంలో తాపీ పనులన్నీ ఆయనే చేసేవాడు. ఏ గోడ కింద ఏముందో ఆమెకి కంఠతా వచ్చు. నేరుగా నడిమి గోడ దగ్గరికి వెళ్ళి, వాన్‌సియు సోఫాని కర్రతో పొడిచింది.

"దూలం ఈ కొస నుంచి ఆ కొసకి ఇక్కడ పోతోంది. ఏనుగుని పెట్టుకోండి, కదలదు."

"సీతో గారు ఆ గోడ వద్దన్నారక్కా," అన్నాడు టింగ్‌సాంగ్.

"సీతో గారు తాపీ పట్టుకున్నారట్రా ఎప్పుడైనా?" అని వాన్‌సియు సోఫా పక్కకి లాగేసింది.

వెళ్ళేముందు అవ్వ వంటగది పక్కకి వచ్చి, మిషను మీద మడత పెట్టి ఉన్న తన నల్ల ప్యాంటు తీసుకుంది. అంచు కుట్టడానికి వారం కిందట ఇచ్చినది.

"రేపటికి అయిపోతుందవ్వా," అంది పుయ్‌హా.

"అక్కర్లేదు. పొడుగ్గానే వేసుకుంటా."

తొట్టి నడిమి గోడకి స్థిరపడింది. సోఫా కిటికీ మూలకి పోయింది. మిషను ట్యూబులైటు కిందే ఉండిపోయింది. పుయ్‌హాకి ఇప్పుడు నల్ల బట్ట మీద నల్ల దారం కనబడదు. అలాంటి పనులు సాయంత్రం మొగుడొచ్చాక అతని చేత సూదిలో దారం ఎక్కించుకుని చేస్తుంది. టింగ్‌సాంగ్ ఒకసారి మధ్యవర్తిత్వానికి పోయాడు.

"అక్కా, పగలు నీ సోఫా మడిచే ఉంటుందిగా. మిషను అక్కడ వేసుకోనీ."

"నేనొద్దన్నానా? అడగమను."

పుయ్‌హా అడగలేదు. పొద్దున్నే ఆరింటికల్లా మిషను మొదలుపెట్టేది. వాన్‌సియు మూలలో అటు నుంచి ఇటు పొర్లి, దిండు చెవికి నొక్కుకుని, "గాడిదల సంతలో పడుకున్నట్టుంది," అనేది. పుయ్‌హా ఇంకాస్త గట్టిగా తొక్కేది.

మూడో వారం నుంచి ఫూ అవ్వ మధ్యాహ్నాలు పైకి రావడం మొదలెట్టింది. తొట్టి ఎక్కడుందో తనిఖీకి వచ్చానంటుంది. వాన్‌సియు ఆమెకి స్టూలు వేస్తుంది. ఇద్దరూ చేపకి రొయ్యలు వేస్తూ, అది నీళ్ళు చిమ్ముతూ అందుకుంటుంటే పకపకా నవ్వుకుంటారు. పుయ్‌హా టీ కాచి తెచ్చి అవ్వ ముందు చాపుతుంది. అవ్వ చెయ్యి చాపదు. పుయ్‌హా కప్పు బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి, మిషను దగ్గర కూర్చున్నాక, అప్పుడు తీసుకుని తాగుతుంది.