వేళ్ళ మీద బాణీ

తప్పు ఆమెదే. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు, అందుకే ఎడిటింగ్ గదిలో అందరికంటే గట్టిగా విసుక్కుంటోంది.

డెబ్భై ఏళ్ళ కిందటి ఒక డాన్సు హాలు కథ, పది భాగాల టీవీ సీరియల్. దానికి సంగీతం ఆమెది. వయొలిన్లు, పెద్ద వయొలిన్లలాంటి చెల్లోలు, బూరలతో ముప్ఫై మంది ఆర్కెస్ట్రా, దాని మధ్యలో ఐదుగురి జాజ్ బృందం. ఇంత పెద్ద పని ఆమె చేతికి రావడం ఇదే మొదటిసారి. ఇది నిలబడితే ఇంకొకటి వస్తుంది. నిలబడకపోతే సబ్బుల ప్రకటనలకు బాణీలు కట్టుకునే బతుకు ఎలాగూ ఉంది.

ఆరో భాగంలో కథానాయకుడు ఖాళీ హాల్లో ఒంటరిగా కూర్చుని క్లారినెట్ వాయిస్తాడు. నిమిషంన్నర. ఇలాంటి దృశ్యానికి ముందు బాణీ రికార్డు చేస్తారు, షూటింగులో అది వినిపిస్తారు, నటుడు దానికి తగ్గట్టు వేళ్ళు ఆడిస్తాడు. లోకమంతా చేసే పద్ధతి అదే. ఈవిడ మాత్రం ఆ బాణీని నాలుగుసార్లు కట్టి నాలుగుసార్లూ చించిపారేసింది. షూటింగు రోజు పొద్దున్నే దర్శకుడు ఫోను చేస్తే, "ఏదో ఒకటి వాయిస్తున్నట్టు చెయ్యమనండి, తర్వాత నేను సరిపెడతాను" అంది. వేళ్ళను ఎవరు చూడొచ్చారు అనుకుంది. దర్శకుడే చూశాడు. చూసి ఎంత ముచ్చటపడ్డాడంటే, నిమిషంన్నర సేపూ కెమెరాను ఆ వేళ్ళ మీద నుంచి కదపనివ్వలేదు.

ఎల్లుండే రికార్డింగు. ఐదోసారి కట్టిన బాణీ ఆమెకు ప్రాణంగా నచ్చింది. తీరా తెర మీది బొమ్మ పక్కన పెట్టి చూస్తే బాణీ ఆగినచోట వేళ్ళు పరిగెడుతున్నాయి, బాణీ పరిగెత్తినచోట వేళ్ళు తీరిగ్గా కూర్చున్నాయి.

ఎక్కడెక్కడ సర్దొచ్చో చూడమని ఆర్కెస్ట్రాలో క్లారినెట్ వాయించే అమ్మాయిని పిలిపించింది. ఆ అమ్మాయి వచ్చిందంటే గదిలో ఇంకెవరికీ మాట్లాడే అవకాశం ఉండదు. అలాంటిది, శబ్దం లేని ఆ బొమ్మను మూడుసార్లు చూసి, ఆ వేళ్ళతో పాటు తన వేళ్ళు ఒళ్ళో ఆడిస్తూ ఉండిపోయింది.

"అక్కా, ఇది ఏదో ఒకటి కాదు" అంది చివరికి. "ఇక్కడ చూడండి, ఈ నాలుగు స్వరాలు. మళ్ళీ ఇక్కడ అవే వచ్చాయి. ఇక్కడ కాస్త మారి వచ్చాయి. ఎవరో శ్రద్ధగా కట్టిన బాణీ ఇది."

"ఆ హీరోకు స్వరాలంటే ఏమిటో కూడా తెలీదే."

"ఆయనకు తెలీదు. ఆయనకు నేర్పినవాళ్ళకు తెలుసు."

నేర్పింది బాబాయి.

బాబాయంటే నాన్నకు స్వయానా తమ్ముడు. వయసులో ఉన్నన్నాళ్ళూ డాన్సు హాళ్ళలో క్లారినెట్ వాయించాడు. ఆమెకు మొదటి స్వరం చెప్పింది ఆయనే. ఈ సీరియల్‌కు బృందాన్ని కూర్చినప్పుడు మాత్రం ఆమె ఆయన్ని పక్కన పెట్టింది. ఇప్పటి రికార్డింగుల్లో అందరి చెవుల్లోనూ టిక్కు టిక్కుమని ఒక చప్పుడు పెడతారు, దాన్ని క్లిక్ అంటారు. బొమ్మతో వెంట్రుకవాసి తేడా రాకుండా దాని మీదే వాయించాలి. బాబాయి వాయిద్యం ఎప్పుడూ తాళాన్ని ముందు నడవనిచ్చి, ఇంటికొచ్చిన పెద్దమనిషి వెనక నడిచినట్టు ఒక అర అడుగు వెనకాల వస్తుంది. ఆ మాట ఆయన మొహం మీద చెప్పే ధైర్యం లేక ఆఫీసువాళ్ళ చేత ఫోను చేయించింది. కంటితుడుపుగా, నటుడికి వేళ్ళు పెట్టడం నేర్పే పని ఇప్పించింది. ఎనిమిది నెలలుగా ఆ ఇంటి వైపు వెళ్ళలేదు.

ఇద్దరూ గంటసేపు కూర్చుని తెర మీది వేళ్ళను చూస్తూ స్వరాలు కాగితం మీద పెట్టారు. పని సగంలోనే చిక్కుపడింది. క్లారినెట్‌కు వెనకవైపు బొటనవేలి దగ్గర చిన్న మీట ఒకటి ఉంటుంది. అది నొక్కితే, మిగతా వేళ్ళు కదలకపోయినా స్వరం అమాంతం పైకి లేస్తుంది. తెర మీద ఆ బొటనవేలు కనబడదు. అంటే ప్రతి స్వరమూ కింద ఉండొచ్చు, పైన ఉండొచ్చు.

"కట్టినాయన్నే అడగాలి. ఆఫీసు నుంచి ఫోను చేయిద్దామా?" అంది ఆ అమ్మాయి, ఏమీ తెలియక.

"వద్దు. నేనే వెళ్తాను."

బాబాయి కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఎవరిదో క్లారినెట్‌కు రంధ్రాలను మూసే చిరిగిన మెత్తలు మారుస్తున్నాడు. "రా తల్లీ. ఆ కుర్చీ మీది పెట్టె కింద పెట్టి కూర్చో" అన్నాడు, నిన్ననే వచ్చి వెళ్ళిన మనిషితో అన్నట్టు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

కాగితం ముందు పెట్టింది. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"ఆ హీరో వేళ్ళ మీంచి రాసుకున్నాం."

"చదివేశారా?" ఆయన కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. "ఎవరూ చదవలేరనుకున్నాను. నేనే కట్టాను, మీ నాన్న పెళ్ళికి ముందు. హాలు మూసే వేళ జనాన్ని సాగనంపడానికి వాయించేవాణ్ణి. కోట్లూ గొడుగులూ వెతుక్కునే గోలలో ఒక్కడు విన్న పాపాన పోలేదు. రికార్డూ లేదు, కాగితమూ లేదు."

"అయితే నువ్వే వాయించు బాబాయ్. క్లిక్ తీసేయిస్తాను. అందరూ నీ వెనకే వస్తారు."

బాబాయి నవ్వి నోరు తెరిచి చూపించాడు. పైవరస మొత్తం కట్టుడు పళ్ళు. "ఎవరికీ చెప్పలేదు గాని, ఏడాదిన్నర అయింది. పట్టు దొరకదు, ఊదితే గాలంతా పక్కనుంచి పోతుంది."

"మరి నేను పిలవలేదని బాధపడ్డావనుకున్నా..."

"పిలవనందుకు కాదే. నువ్వొచ్చి చెప్పి ఉంటే నా పళ్ళ సంగతి నేనూ చెప్పేవాణ్ణి. ఆ ఫోను చేసినమ్మాయి ఎవరో ఎంతో మర్యాదగా మాట్లాడింది. అంత మర్యాద మనింట్లో ఎప్పుడూ లేదు కదా."

ఆమె తల వంచుకుంది. "ఆ బాణీ అతనికెందుకు నేర్పావు?" అని అడిగింది.

"నా నోటికి ఇక రాదు. వేళ్ళకు మాత్రం గుర్తుంది. ఎవరో ఒకరి వేళ్ళకు అప్పజెప్పి పోదామనిపించింది."

ఆమెకు ఏడుపు ఆగలేదు. "తప్పు చేశాను బాబాయ్" అంది.

"చేశావు" అన్నాడు ఆయన. తర్వాత పెన్సిలు తీసుకుని, ఏ స్వరం కిందిదో ఏది పైదో వరసగా గుర్తులు పెట్టిచ్చాడు.

ఐదో బాణీని ఆమె సొరుగులో పడేసింది. మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు. ఆ దృశ్యం కింద సంగీతం పేరు బాబాయిదే వెయ్యాలని దర్శకుడికి చెప్పింది. మర్నాడంతా కూర్చుని బాబాయి బాణీ కింద వయొలిన్లకు పొడుగాటి స్వరాలు రాసింది, జాజ్ బృందంలో మంద్రంగా మోగే పెద్ద బేసు వాయిద్యానికి నెమ్మదైన నడక రాసింది.

రికార్డింగు రోజు తెరను బాబాయి ఎదురుగా పెట్టించింది. ఆయన క్లారినెట్ అమ్మాయి పక్కనే కూర్చుని, ఊదే ముక్క తీసేసిన క్లారినెట్‌ను చేతుల్లోకి తీసుకున్నాడు. తెర మీది వేళ్ళతో పాటు ఆయన వేళ్ళు కదిలాయి. అమ్మాయి ఆయన వేళ్ళను చూసి వాయించింది. ఆమె ఆ చేతులనే చూస్తూ ముప్ఫై మందినీ నడిపించింది. ఎవరి చెవిలోనూ క్లిక్ లేదు. ప్రతి స్వరమూ తాళానికి అర అడుగు వెనకాల వచ్చింది, ఆ నడకే నేర్చుకున్న తెర మీది వేళ్ళకు అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

మూడో టేకు అయ్యాక అద్దాల గదిలోంచి సౌండ్ ఇంజనీరు మాట్లాడాడు. "చాలా బాగొచ్చింది మేడమ్. కాకపోతే ప్రతి వరసకూ ముందు ఎవరిదో ఊపిరి పీల్చిన చప్పుడు పడుతోంది. వాయించే ఆవిడది కాదు. పెద్దాయన్ని కొంచెం దూరంగా కూర్చోబెట్టి ఇంకోసారి తీద్దామా?"

బాబాయి సిగ్గుపడిపోయి కుర్చీ వెనక్కి జరుపుకోబోయాడు. ఆమె గబగబా వెళ్ళి కుర్చీ పట్టుకుంది.

"అది బాణీలోదే" అంది ఇంజనీరుతో. "ఉండనివ్వండి."

బాబాయి క్లారినెట్‌ను ఒళ్ళో పెట్టుకుని, రుమాలు కోసం జేబులు వెతుక్కున్నాడు.