వేడెక్కితే ఆగిపోయే మోటారు

భుజం మీద మోసుకొచ్చిన పడవ మోటారును షెడ్డులోని చెక్క స్టాండుకు తగిలించి, మరిది నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"చల్లగా ఉంటే బంగారంలా నడుస్తుంది వదినా. అరగంటకి చచ్చి ఊరుకుంటుంది. ముగ్గురు మెకానిక్కులు చూశారు. ఒకడు ప్లగ్గు మార్చాడు, ఒకడు కార్బరేటరు కడిగాడు, మూడోవాడు నా మొహం చూసి జాలిపడ్డాడు."

ఆమె నవ్వలేదు. ఊళ్లో ఆమెను వైండింగమ్మ అంటారు. ఫ్యాను కాలినా పంపు కాలినా రాగితీగ చుట్టి మళ్లీ తిప్పుతుంది. ఈ మోటారును మాత్రం ఆరేళ్లుగా కన్నెత్తి చూడలేదు. దీన్ని బిగించుకుని సముద్రం మీదికి వెళ్లిన భర్త తిరిగి రాలేదు. నాలుగో రోజున ఈ మోటారుతో పడవ ఒక్కటే బండల మధ్య దొరికింది. ట్యాంకులో చుక్క లేదు. పెట్రోలు చూసుకోకుండా వెళ్లాడన్నారు అందరూ. ఆమె కూడా అదే నమ్మి, ఆ మతిమరుపు మనిషిని ఆరేళ్లుగా లోలోపల తిట్టిపోస్తూనే ఉంది. గోనెలో మూలపడ్డ మోటారును, తనది పూర్తిగా పాడవడంతో మరిది ఈ నెలే బయటికి తీశాడు.

"నీకు ఇంకెవరూ దొరకలేదా?"

"దొరికితే నీ ముందుకు తెస్తానా?"

ఆమె నీళ్ల డ్రమ్ములో మోటారు కాలు ముంచి తాడు లాగింది. వెంటనే అందుకుంది. ఇరవై అయిదు నిమిషాలకు ఠక్కున ఆగింది. ప్లగ్గు విప్పి ఇంజనుకు ఆనించి మళ్లీ లాగితే నిప్పురవ్వ లేదు. స్టాప్ స్విచ్చి వైరు పీకి చూసింది, లేదు. తుప్పుపట్టిన ఎర్త్ వైరు గీకి బిగించింది, అయినా లేదు. చల్లారాక మాత్రం ఏమీ జరగనట్టు తిరిగింది.

ఇక మిగిలింది చక్రం కింద రవ్వ పుట్టించే రాగితీగ చుట్ట, కాయిలు. దాన్ని బయటికి తీసి మీటరు పెడితే అంకె సరిగ్గానే ఉంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో వేడి చేసింది. అంకె కాసేపు నిలబడి, ఉన్నట్టుండి మాయమైంది.

లోపం ఎక్కడుందోనని వార్నిష్ గీకింది. కింద నీలం దారం, రెండు చుట్లు, పక్కకు వేసిన ముడి. అలా కట్టేది తనొక్కతే. భర్త చివరిసారి వెళ్లడానికి నెల ముందు తనే చుట్టిచ్చింది. తీగ కొసను వైరుకు అతికించిన చోట టంకం సరిగా పట్టలేదు, నడిచేకొద్దీ అదురుకు వదులైంది. వేడికి అతుకు విడిపోతోంది, చల్లబడితే మళ్లీ తగులుతోంది.

అలల మీద ఆయన అరచేతులు బొబ్బలెక్కేదాకా తాడు లాగి ఉంటాడు. ప్లగ్గు విప్పి తుడిచి ఉంటాడు, కార్బరేటరు ఊది ఉంటాడు. పెళ్లాం చుట్టిన కాయిలును మాత్రం అనుమానించి ఉండడు.

"దొరికిందా?" అన్నాడు మరిది.

"దొరికింది. ఇది నేను చుట్టిందే. మీ అన్న పోయింది పెట్రోలు అయిపోయి కాదు."

"ఎవరూ చూడలేదు కదా వదినా. అలాగే జరిగిందని నీకెలా తెలుసు?"

"ఆ ట్యాంకు బండలకు కొట్టుకున్నాక అందులో ఇంకేం మిగులుతుంది? ఇన్నాళ్లూ నాకే తట్టలేదు."

"నిన్నెవరూ ఏమీ అనరు."

"అన్నా బాగుండేది."

కొత్త కాయిలు దొరకదు. ఆ రకం మోటార్లు తయారుచేయడం మానేసి ఇరవై ఏళ్లయింది. చేపల వేటకు వెళ్లకపోతే మరిదికి ఇల్లు గడవదు. మళ్లీ చుట్టమని అతను అడగలేక అడిగాడు. ఆమె చుడుతుంటే తీగ మూడుసార్లు తెగింది. నాలుగోసారి పూర్తిచేసి, అతుకును మూడుసార్లు వేడిచేసి చూసి, డ్రమ్ములో రెండు గంటలు తిప్పింది. బాగైందని మాత్రం నోటితో అనలేకపోయింది.

"తెడ్లు మర్చిపోకు" అంది.

పన్నెండు రోజులు నడిచింది. పదమూడో రోజున మళ్లీ రవ్వ పోయింది. వేరే పడవ వాళ్లు అతన్ని తాడు కట్టి లాక్కొచ్చారు. ఈసారి కాయిలు కాదు, దాని పక్కన ఉండి రవ్వను ప్లగ్గుకు పంపే నల్ల డబ్బా. లోపలంతా లక్కలాంటిది పోసి మూసేశారు, విప్పే దారి లేదు. ఆమె దాన్ని చేతిలో తిప్పి చూసి మరిదికిచ్చేసింది.

మోటారును పాతసామాన్లకు వేసేసి అతను ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. ఆమె దగ్గరికి ఎవరైనా కాలిన ఫ్యాను తెస్తే, పక్క వీధిలో ఇంకొకతను ఉన్నాడని చెప్పి పంపేస్తోంది.